మడ్‌గార్డుల పెట్టె

ఊళ్లో అందరూ అతన్ని పానా అనేవారు. పాలపళ్లు ఊడకముందే నట్లు బిగించే పానాతో ఆడుకునేవాడని అన్న పెట్టిన పేరది. డెబ్బై రెండేళ్లొచ్చినా అదే నిలిచింది. పెద్దవాళ్లకి పానా, పిల్లలకి పానా తాత. రోడ్డు వార రేకుల కింద అతని మెకానిక్ షాపు, దాని వెనక రెండు గదుల ఇల్లు, ఇంటి పక్కన ఇటుక గోడల పాత షెడ్డు. షాపుకి తలుపే లేదు. ఇంటికి తలుపున్నా పగటిపూట గడియ పెట్టేవాళ్లు కాదు. తాళం ఉన్నది ఆ షెడ్డు ఒక్కదానికే.

అందులో ఒక ట్రాక్టరు ఉండేది. రబ్బరు టైర్లు రాకముందుది. వెనక చక్రాలు ఛాతీ ఎత్తున, చుట్టూ ఇనప పళ్లతో ఉండేవి. స్టీరింగు ఒక పక్కకి వంగిపోయింది. సీటు అణిగిపోయింది. నలభై ఏడేళ్ల కిందట పానా అన్న దాని కిందే నలిగి చనిపోయాడు. ఆ సాయంత్రం ఇరవైమంది తాళ్లు కట్టి లాగి, దాన్ని నిలబెట్టి, తెచ్చి ఆ షెడ్డులోకి తోశారు. మళ్లీ అది వెలుతురు చూడలేదు.

పాత ఇనుము కొనేవాడు ఏడాదికోసారి వచ్చేవాడు. "తుక్కు కింద ఇచ్చెయ్ పానా. ఎందుకది, ఎలకలు పురుళ్లు పోసుకోవడానికా?" అనేవాడు. పానా విననట్టే పని చేసుకునేవాడు. వదిన చెవిన పడితే మాత్రం ఆమె వంటింట్లోంచే అనేది: "ఇచ్చెయ్ అబ్బాయ్. నా కళ్లముందు నుంచి పోనీ ఆ దయ్యం." వదిన కాపురానికి వచ్చేనాటికి పానాకి పద్దెనిమిదేళ్లు. అప్పుడు పిలిచిన పిలుపే ఇప్పటికీ. ఆమె ఏం చెప్పినా కాదనని మనిషి ఆ ఒక్క విషయంలో మాత్రం వినలేదు. జనం దాన్ని మరోలా అర్థం చేసుకున్నారు. అన్నంటే ప్రాణం, అన్న ముట్టుకున్న వస్తువుని ఇంకొకరి చేతిలో పెట్టలేడు, ఇలాంటి తమ్ముడు ఎవరికి దొరుకుతాడు అని మొహం మీదే అనేవాళ్లు. అలా అన్న రోజు పానాకి ముద్ద దిగేది కాదు.

అన్న పోయేసరికి వదిన చంకలో రెండేళ్ల కూతురు. పానాకి ఇరవై ఐదేళ్లు. ఆ ఇద్దర్నీ అతనే సాకాడు. పెళ్లి మాటెత్తితే, "ఉన్న ఇద్దరాడవాళ్ల మాట వినేసరికే పొద్దు పోతోంది, మూడో గొంతు కూడానా," అని నవ్వించి తప్పించుకునేవాడు. అన్న కూతురు బాబాయి భుజాలెక్కి పెరిగింది. బాబాయి సైకిల్ మీద బడికి వెళ్లింది. చదువుకుని టౌను ఆసుపత్రిలో నర్సయింది. జ్వరమొస్తే అమ్మ కంటే ముందు బాబాయినే పిలిచే పిల్ల.

వాళ్లకి తెలియనిది ఒకటుంది. పానా ఎరిగినంతలో అది అతనికీ, చనిపోయిన అన్నకీ, ఇంకొక్క మనిషికీ మాత్రమే తెలుసు.

ఆ ట్రాక్టరు ఆ కంపెనీవాళ్లు తొలి ఏడాది చేసిన వాటిలోది. మంచి బలం ఉండేది గానీ, దానికో జబ్బుండేది. నాగలి ఏ వేరుకో తగులుకుని వెనక చక్రాలు కదలకపోతే, ఇంజను ఊరుకునేది కాదు. చక్రాలు తిరగలేవు కాబట్టి బండే ఆ ఇరుసు చుట్టూ తిరగబోయేది. ముక్కు గాల్లోకి లేచేది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు నడిపే మనిషి మీదికి వెల్లకిలా పడేది. నాలుగైదు చోట్ల మనుషులు పోయాక కంపెనీవాళ్లు మేలుకుని కొత్తరకం మడ్‌గార్డులు చేయించారు. చక్రం మీదుగా వెనక్కి, తోకలా పొడుగ్గా ఉండేవి. బండి లేవగానే ఆ తోకలు నేలకి ఆనుకుని, దాన్ని అక్కడే ఆపేస్తాయి. అమ్మిన ప్రతి బండికీ ఒక జత, కొయ్యపెట్టెలో పెట్టి, ఊరికే పంపారు.

ఆ పెట్టె వస్తోందని కంపెనీ ఏజెంటు ముందే చెప్పాడు. వదిన కూతుర్ని తీసుకుని పుట్టింటికి బయల్దేరుతూ, "అది వచ్చాకే ఆ మోళ్లున్న చేలోకి దిగండి," అని మొగుడికి ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లింది. ఆమె వెళ్లిన మర్నాడే పెట్టె వచ్చింది. పానా సంతకం పెట్టి దించుకున్నాడు. పెట్టెతోపాటు ఒక కాగితం ఇచ్చారు. దాని మీద నిట్టనిలువుగా లేచిన ట్రాక్టరు బొమ్మ. ఎలా బిగించాలో రాశారు: ఇరుసుకి నాలుగు రంధ్రాలు వేసి, బోల్టులు వెయ్యాలి.

పానా అప్పుడొక పాత మోటారుసైకిల్ కొనుక్కుని, దాన్ని పూర్తిగా విప్పి, నేలంతా పరిచి కూర్చున్నాడు. ఇంజను తన చేత్తో తిరగాలని తెగ తహతహ. అన్న వచ్చి పెట్టె వంక చూసి, "ఎప్పుడు బిగిద్దాంరా?" అన్నాడు.

పానా తలెత్తకుండానే అన్నాడు: "అది బండి నడపడం రానివాళ్లకి పంపారన్నా. నీకెందుకు?"

అన్న నవ్వాడు. తమ్ముడు తన పనితనాన్ని మెచ్చుకున్నాడని సంబరపడ్డాడు కాబోలు. ఇద్దరూ కలిసి పెట్టెను అడ్డం లేకుండా షెడ్డు అటక మీదికి ఎక్కించారు. అన్న మళ్లీ అడగలేదు. తొమ్మిదో రోజు పొద్దున, పానా మోటారుసైకిల్ చక్రానికి చువ్వలు బిగిస్తుండగా, పొలం నుంచి ఒక మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

ఆ సాయంత్రం వదిన పుట్టింటి నుంచి వచ్చింది. ఏడుపు మధ్యలో ఊపిరి అందక ఆగి, అడిగిన మొదటి మాట అదే. "ఆ పెట్టె రాలేదా అబ్బాయ్?"

"రాలేదు వదినా."

నాలుగు రోజులు పోయాక నిమ్మదిగా చెబుదాం అనుకునే అన్నాడు. రెండు వారాలకి ఏజెంటు పలకరించడానికి వచ్చాడు. వదిన గుమ్మంలో నిలబడి ఆయన్ని నానా మాటలూ అంది. పెట్టె వేళకి పంపి ఉంటే నా మొగుడు బతికేవాడు, నీ పిల్లలు కూడా ఇలాగే ఏడవాలి అంది. ఏజెంటు ఆశ్చర్యంగా పానా వంక చూశాడు. పెట్టె అందిన రసీదు ఆయన దగ్గరే ఉంది. పానా నేల చూపులు చూశాడు. ఏజెంటు ఒక్క మాటా అనకుండా, టోపీ చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చెప్పడం పానా వల్ల కాలేదు. ఏడాది గడిచాక, ఇంత ఆలస్యంగా చెబితే ఏం బాగుంటుంది అనుకున్నాడు. పదేళ్లు గడిచాక అనుకోవడం కూడా మానేశాడు. ట్రాక్టరు అమ్మితే షెడ్డు తియ్యాలి, షెడ్డు తీస్తే అటక మీద పెట్టె ఉంది. అందుకని తాళం.

పానాకి డెబ్బై రెండేళ్లొచ్చిన ఏడాది వానలకి షెడ్డు గోడ ఒకటి బీటలిచ్చి ఇంటి వైపు వాలింది. అన్న కూతురు చూసి కంగారు పడింది. "అమ్మ పడుకునే గది మీద పడుతుంది బాబాయ్. ఇంక నీ మాట వినను," అంది. పాత ట్రాక్టర్లు సేకరించే ఒకాయన సంగతి పేపర్లో చదివిందట. ఆయనకి ఉత్తరం రాసింది. బండి మీద ఉన్న నంబరు పంపమని జవాబొస్తే, బాబాయి దగ్గర తాళంచెవి లాక్కుని తనే టార్చిలైటుతో వెతికి రాసి పంపింది. వారం తిరక్కుండా ఆయన దిగాడు.

ఆయన రిటైరైన పళ్ల డాక్టరు. బక్కపలచగా, చేతులు శుభ్రంగా, మాట మెత్తగా ఉండేవాడు. అన్న కూతురు డ్యూటీకి వెళ్లింది. పానా తాళం తీశాడు. వదిన నలభై ఏడేళ్లలో మొదటిసారి స్టూలు తెచ్చుకుని షెడ్డు గుమ్మం బయట కూర్చుంది. వాడెవడో కొనుక్కుపోతాడంటే, పోయేదాకా కళ్లారా చూడాలని ఆమె కోరిక.

డాక్టరు సంచిలోంచి మెత్తటి గుడ్డ, కిరోసిన్ సీసా, పళ్లు చూసే చిన్న అద్దం తీశాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, అద్దం ఇంజను కిందికి పోనిచ్చి, నోరు తెరిపించి చూస్తున్నట్టే చూశాడు. మధ్యమధ్య "ఊఁ, ఊఁ" అనేవాడు. పానాకి తన పన్నే ఎవరో తడుముతున్నట్టుంది.

"పాతదైతే చాలు, విలువుంటుందనుకుంటారు అందరూ," అన్నాడు డాక్టరు. "పాత ట్రాక్టర్లు బోలెడున్నాయండీ. రంగు కొట్టి, ఇంకో బండి ఇంజను ఎక్కించి, తళతళలాడిస్తారు. కట్టుడు పళ్ల నవ్వులాగా. నాకు కావలసింది సొంత పళ్లున్న బండి."

గుడ్డ కిరోసిన్‌లో ముంచి ఇంజను పక్కన రుద్దాడు. జిడ్డు కింద చెక్కిన నంబరు తేలింది. చట్రం మీది రేకుపై ఉన్న నంబరుతో పోల్చుకున్నాడు. రెండూ ఒకటే. ఇంజను ముందున్న నీళ్ల తొట్టి మీద కంపెనీ పేరు పోత పోసిన ఉబ్బు అక్షరాల్లో ఉంది. అలా పోసింది తొలి ఏడాది ఒక్కటేనట, తర్వాత రంగుతో రాసేశారట. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో కూడా మొదట బిగించినదే. చక్రం లోపలి వైపు ఇంకా ఫ్యాక్టరీలో వేసిన బూడిదరంగు మిగిలి ఉంది. దాన్ని డాక్టరు గోటితో కూడా తాకలేదు.

"ఎవరూ దీని మీద చెయ్యి వెయ్యలేదు," అన్నాడు. "వాడుకలో ఉన్న బండిని ఎవరో ఒకరు బాగుచేస్తూనే ఉంటారు. ఏదో మారుస్తూనే ఉంటారు. ఇది ఆగిన రోజు ఎలా ఆగిందో అలాగే ఉంది. ఇలా ఇక్కడ చూడండి."

ఆయన అద్దాన్ని వెనక ఇరుసు కింద పెట్టాడు. పానా వంగలేదు. అక్కడేముందో అతనికి తెలుసు.

"రంధ్రాలు లేవు. తొలి ఏడాది బండ్లన్నిటికీ తర్వాత మడ్‌గార్డులు బిగించారు. దానికోసం ఇరుసుకి నాలుగు రంధ్రాలు పొడవాల్సి వచ్చింది. రంధ్రాలు పడని ఇరుసు నా జన్మలో చూడటం ఇదే."

గుమ్మంలోంచి వదిన అంది: "మాకు పెట్టె పంపలేదు బాబూ. పంపి ఉంటే మా ఆయన ఉండేవాడు."

డాక్టరు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. మంచి కబురు చెప్పేవాడిలా ఆయన మొహం వెలిగింది. "పంపారమ్మా. కంపెనీ పాత రిజిస్టరు నకలు పాత ట్రాక్టర్లు సేకరించే మా సంఘం దగ్గరుంది. మీ అమ్మాయి పంపిన నంబరు పట్టుకుని వెతికాను. కాగితం దొరికిన బండికి విలువే వేరు." సంచిలోంచి ఫైలు తీసి చదివాడు. పెట్టె ఏ రోజు బయల్దేరిందో, ఏ రోజు అందిందో చెప్పాడు.

వదిన వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆమెకి ఆ నెలలో ప్రతి రోజూ గుర్తే. "ఆయన పోవడానికి తొమ్మిది రోజుల ముందు," అంది. తర్వాత, "సంతకం ఎవరిది?"

అప్పటికి గానీ డాక్టరుకి తను ఎక్కడ కాలు పెట్టాడో అర్థం కాలేదు. ఫైలు మూయబోయాడు. వదిన చెయ్యి చాపింది. ఆయన చేసేది లేక ఆ పేరు చదివాడు. ఊళ్లో ఎవరూ పిలవని పేరు. పానా అసలు పేరు.

రోడ్డు మీద ఏదో లారీ గేరు మార్చింది.

"ఎక్కడుంది?" అంది వదిన.

"అటక మీద."

"ఎందుకు బిగించలేదు?"

చెప్పాడు. మోటారుసైకిల్ సంగతీ, తనన్న మాటా, ఒక్క ముక్క మార్చకుండా చెప్పాడు.

"ఆయనేమన్నాడు దానికి?"

"నవ్వాడు వదినా."

ఆమె చాలాసేపు ట్రాక్టరు వంకే చూసింది. "బిగించడానికి ఎంతసేపు పడుతుంది?"

"అరపూట."

"దించు," అంది. "ఇప్పుడు బిగించు."

డాక్టరు ఆమె ముందుకొచ్చాడు. "అమ్మా, మీ బాధ నాకర్థమవుతోంది. కానీ ఒక్కమాట వినండి. ఆ పెట్టె విప్పకుండా ఉండి, ఈ ఇరుసు ఇలాగే ఉంటే, ఇలాంటిది ఇంకోటి లేదు. విప్పారంటే, రంధ్రాలు పడ్డాయంటే, అది తిరిగి రాదు. మీకు ఇల్లు కట్టుకునేంత వస్తుంది. తొందరపడకండి."

"మీ బండి సంగతి మీరు చెప్పారు, నేను విన్నాను," అంది వదిన. "ఇప్పుడు నా పని కానివ్వండి డాక్టరుగారూ."

ఆమె ఇంట్లోకి వెళ్లి, గోడ మీది గడియారం తీసి తెచ్చి, ఒళ్లో పెట్టుకుని మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

పానా నిచ్చెన వేసి పెట్టె దించాడు. మూత మీద మేకులు తుప్పు పట్టాయి. లోపల మైనపు కాగితం చుట్టిన మడ్‌గార్డులు, నూనె పూసిన బోల్టుల పొట్లం ఉన్నాయి. నిన్న సర్దినట్టే ఉన్నాయి. షాపులోంచి కరెంటు డ్రిల్లు తేబోతుంటే వదిన ఆపింది.

"అప్పుడు ఏముండేది?"

"చేత్తో తిప్పేది."

"దాంతోనే చెయ్యి."

నేల మీద గోనె పరుచుకుని ఇరుసు కింద పడుకున్నాడు. పోత ఇనుము పొడి కళ్లలో పడుతోంది. పిడి తిప్పీ తిప్పీ మొదటి రంధ్రం పడేసరికి భుజం పట్టేసింది. రెండోదానికి డ్రిల్లు జారి, వేలి కణుపుల తోలు లేచిపోయింది. డాక్టరు కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత ఏమనుకున్నాడో, కోటు విప్పి, పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నాడు. ఆయన వెలుగు సరిగ్గా మొన మీదే నిలిపాడు, అలవాటైన చెయ్యి కదా. ఒక్కసారి మాత్రం, "ఆపితే బాగుండును," అన్నాడు మెల్లగా. ఎవరితో అన్నాడో తెలియదు.

నాలుగో రంధ్రం దగ్గర పానాకి ఏడుపొచ్చింది. పడుకుని ఉండటం వల్ల నీళ్లు చెవుల్లోకి పోయాయి. పిడి తిప్పడం ఆపలేదు. బోల్టులు ఎక్కించి, తనకి పేరు తెచ్చిన ఆ చిన్నప్పటి పానాతోనే బిగించి, పాకుతూ బయటికొచ్చాడు.

వదిన గడియారం చూసింది. "మూడుంపావు," అంది. అంటే పనికి మూడుంపావు గంటలు పట్టిందని. లేచి లోపలికొచ్చి, మడ్‌గార్డు తోక మీద కాలు పెట్టి, బరువంతా వేసి నొక్కింది. అది కదల్లేదు. గడియారం చంకలో పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

మూడు వారాలకి డాక్టరు లారీతో వచ్చి ట్రాక్టరు తీసుకెళ్లాడు, ముందనుకున్న దాంట్లో సగానికి. వచ్చినది గోడకీ, ఇంటి కప్పుకీ సరిపోయింది. వెళ్లే ముందు ఆయన పానాని పక్కకి పిలిచాడు. "నా దగ్గర ప్రతి బండికీ దాని కథ రాసిన అట్ట ఒకటి తగిలిస్తాను. దీనికి ఏం రాయమంటారు?"

"పెట్టె వచ్చింది, తమ్ముడు బిగించలేదు అని రాయండి," అన్నాడు పానా. డాక్టరు తల ఊపాడు గానీ, ఏం రాశాడో పానాకి తెలియదు. చూడ్డానికి ఎప్పుడూ వెళ్లలేదు.

వదిన అతన్ని పొమ్మనలేదు. అతనే పక్క చుట్టుకుని షాపులోకి మారాడు. వేళకి ఆమె కంచం మూతపెట్టి మధ్య గుమ్మంలో పెట్టేది. మాట లేదు. అబ్బాయ్ అన్న పిలుపు ఆ రోజుతో సరి. నలుగురు అడిగితే ముసలాళ్లిద్దరికీ ఏదో మాటపట్టింపు అని అన్న కూతురు సర్దిచెప్పేది. ఆమెకి తల్లి ఆ సాయంత్రమే అంతా చెప్పింది. విని, ఆసుపత్రి బట్టల్లోనే వెనక వసారాలో కూర్చుండిపోయిందట.

ఆర్నెల్లు పోయాక ఒక ఉదయం వదిన కూతుర్ని తోడు తీసుకుని ఏజెంటు ఇంటికి బయల్దేరింది. పానా పది అడుగులు వెనకగా నడిచాడు. ఆమె వద్దనలేదు, రమ్మననూ లేదు. ఏజెంటు పోయి చాన్నాళ్లయింది. ఆయన భార్య ఉంది. పానా గేటు దగ్గరే ఆగిపోయాడు. వాళ్ల మాటలు అక్కడికి వినిపిస్తూనే ఉన్నాయి.

"మీ ఆయన్ని ఆ రోజు అనరాని మాటలన్నాను," అంది వదిన. "మీ పిల్లల్ని కూడా అన్నాను. క్షమించమని అడగడానికి వచ్చాను తల్లీ."

"ఆయన ఇంటికొచ్చి చెప్పాడు," అంది ఏజెంటు భార్య. "పెట్టె అందిందని ఆయనకి తెలుసు కదమ్మా. మరి నిజం చెప్పేయకపోయారా అన్నాను. చెబితే ఆ పిల్లకి ఉన్న ఒక్క ఆసరా పోతుంది, చంకలో బిడ్డ ఉంది, నన్ను తిడితే నాకేం పోతుంది అన్నాడు."

తిరిగొచ్చేటప్పుడు వదిన మూడుచోట్ల కూర్చుని లేచింది. నడవలేక కాదు, ఆమెకి ఏడవడానికి ఆగాల్సి వచ్చింది.

మరో నాలుగేళ్లకి ఆమె టౌను ఆసుపత్రిలో, కూతురు డ్యూటీలో ఉండగానే పోయింది. చివరి పది రోజులూ పానా వార్డు బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని కబురు రాలేదు.

అంతా అయ్యాక అన్న కూతురు తన తల్లి సామాన్లు సర్దడానికి ఇంటికొచ్చింది. పెట్టెలు కట్టడం అయ్యాక షాపులోకి వచ్చి, అతని ఎదురుగా తలకిందులుగా ఉన్న డబ్బా మీద కూర్చుంది. ఆమెకీ యాభై దాటాయి, కళ్ల కింద నల్లబడింది.

"నాకు నాన్న మొహం గుర్తులేదు బాబాయ్," అంది. "నాన్నా అనుకుంటే నీ మొహమే వస్తుంది. అందుకని నిన్నేమనాలో నాకు తెలీడం లేదు."

పానా చేతిలో ఉన్న నట్టుని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.

ఆమె ఇంటికి తాళం వేసి, తాళంచెవి అతని ముందు పెట్టి బస్సెక్కింది. మళ్లీ రాదనుకున్నాడు. నెల తర్వాత బీపీ మాత్రలు తీసుకుని వచ్చింది. అతని చెయ్యి పట్టి బీపీ చూసి, అంకె కాగితం మీద రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి, పావుగంట కూర్చుని వెళ్లింది. అప్పట్నుంచీ నెలకోసారి వస్తోంది. ఎక్కువ మాట్లాడుకోరు. బస్సు హారన్ వినగానే ఆమె లేస్తుంది, అతను రోడ్డు దాకా సంచి మోస్తాడు.